మోకాలి కింద చెవి

మూడు వారాలుగా చెంచురత్నానికి కీచురాళ్లు వినబడటం లేదు.

ఆ సంగతి ఆమెకు అనుకోకుండా తెలిసింది. ఒక సాయంత్రం కొండ మీది ఆశ్రమానికి వచ్చినావిడ ఎవరో, ఇంత కీచురాళ్ల రొదలో ధ్యానం ఎలా కుదురుతుందమ్మా అని నవ్వుతూ అడిగింది. రత్నం చుట్టూ చూసింది. ఆమెకు కొండంతా నిశ్శబ్దంగా ఉంది.

అప్పట్నుంచి భయం పట్టుకుంది. ఎడమ చెవి ఎప్పుడో పోయింది, ఇప్పుడు కుడిది. గురువు నాంచారమ్మకు ఎనభై దాటాయి. తన గురువు దగ్గర విని నేర్చుకున్న తత్వాలు అరవై దాకా ఆమె నోటనే ఉన్నాయి. కాగితం మీద ఒక్కటీ లేదు. రాస్తే మాట మిగులుతుంది, పాట పోతుంది అనేది ఆమె. వాటిలో రత్నానికి వచ్చినవి ఇరవై. నేర్చుకోవడానికి ఇంకెవరూ లేరు.

రత్నం ఎవరికీ చెప్పలేదు. పాఠం జరిగేటప్పుడు ఇంకాస్త ముందుకు జరిగి, గురువు పెదవులకేసి చూస్తూ అందుకునేది. మాటలు దొరికేవి. రాగం జారిపోయేది. ఒంటరిగా ఉన్నప్పుడు వచ్చినవన్నీ లోలోపలే పాడుకుని, ముందు ఏది మరిచిపోతానోనని బెంగపడేది.

ఒకరోజు గొంతు పైకి లేపాల్సిన చోట ఆమె కిందనే ఉండిపోయింది. నాంచారమ్మ పాట ఆపింది. రత్నం ఇక దాచలేక అంతా చెప్పేసింది. ఇంకెవరినైనా చూసుకోమంది, తనను పంపించేయమంది.

గురువు కర్ర తీసుకుని లేచి బయటికి నడిచింది. సాగనంపడానికే కాబోలు అనుకుంటూ రత్నం వెనకాలే వెళ్లింది.

తంగేడు పొదల దగ్గర నాంచారమ్మ వంగి వెతికింది. ఒక కొమ్మ మీద, అచ్చం ఆకులాగే, పచ్చటి కీచురాయి ఉంది. మీసాలు ఒంటికంటే పొడవు. అలికిడికి అది రెక్కలు ముడిచేసింది. నాంచారమ్మ రత్నం వేలు పట్టుకుని ఆ కొమ్మకు ఆనించింది. కదలొద్దని సైగ చేసింది.

చాలాసేపు ఏమీ లేదు. పొద్దు వాలింది. ఇది కూడా నాకు అందదేమో అనుకుంది రత్నం.

అప్పుడు రెక్కలు కాస్త లేచి, కంటికి ఆనకుండా ఆడాయి. చెవికి ఏమీ లేదు. వేలి కింద మాత్రం కొమ్మ సన్నగా, తెరిపి లేకుండా వణికింది.

అవతలి కొమ్మ మీద ఆడది ఒకటి ఉంది. ముందుకాలు ఎత్తి కాసేపు ఆగి, ఇటుకేసి రెండడుగులు వేసింది. నాంచారమ్మ రత్నం కుడి చెవికి నోరు ఆనించి చెప్పింది.

"దాని ముందుకాలు చూడు. మోకాలి కింద గాటుంది. అదే దాని చెవి."

రత్నం చూసింది. సూదితో గీసినట్టు సన్నటి గాటు.

"కాలితో వింటుందా అమ్మా?"

"ఎక్కడ అందితే అక్కడ వింటుంది."

మర్నాడు పాఠానికి రత్నం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. నాంచారమ్మ పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె అరచెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకుంది. కళ్లు మూసుకోమని, పాట ఎత్తుకుంది.

రత్నం చెయ్యి వణుకుతోంది. ఆ వణుకు తనదో, పాటదో ఆమెకు కాసేపు తెలియలేదు.