వేయించిన మట్టి

గండవరం రాజుగారు గద్దిస్తే ఎగిరే కాకులు టపటపా రాలేవి. అబద్ధమైతే ఒట్టు, నేనే మూడు బుట్టలు ఎత్తాను! అంతటి రాజుకు బూజంటే హడల్. అందుకని తోట మట్టినంతా ఏనుగంత పెనాల మీద వేయించాడు. మొక్కలు వడలిపోతుంటే చూడలేక తోటమాలి పోలమ్మ, అడవి నుంచి తెల్లబూజు పట్టిన మట్టి తెచ్చి మల్లెల మొదట్లో కలుపుతూ పట్టుబడింది.

“దీన్ని నా కిటికీ కింద, వేయించిన మట్టిలో బతికుండగానే పాతెయ్యండి!” అన్నాడు రాజు.

పోలమ్మ వంగి దండం పెట్టింది. “చిత్తం దొరా. నిరుడు అక్కడే పూడ్చిన మీ చిలుకను ముందు ఒక్కసారి చూడండి.”

తవ్వారు. చిలుకకు ఒక్క ఈకైనా రాలలేదు, కన్ను మూతపడలేదు. భటుల చేతుల్లోంచి పారలు జారిపోయాయి.

“చచ్చినదాన్ని మట్టిలో కలిపేది ఆ బూజే దొరా. దాన్ని మీరు చంపేశారు. ఇక నేనూ ఇలాగే మీ కిటికీకేసి చూస్తూ ఉండిపోతాను.”

రాజు కిరీటం గడగడలాడింది. “అయితే ఆ బూజు మట్టిలోనే పాతండి!”

“మరీ మంచిది. అందులోనైతే ఇట్టే మల్లెతీగలోకి ఎక్కేస్తాను. ఆ పూలు రోజూ మీ పక్క మీదే కదా చల్లేది!”

రాజుకు పట్టిన చెమటకు కోట కందకం పొంగింది. “గొయ్యి పూడ్చెయ్యండి! పోలమ్మా, ఆ బూజు తోటంతా చల్లుకో. కానీ నేను పోయేదాకా నువ్వు చావడానికి వీల్లేదు!”