గానుగాయన దాచిన కష్టకాలం

అనగనగా అంటే రాజుల కథే అనుకుంటారు. ఇది ఒక గానుగాయన కథ. అతని పేరు పైడయ్య. గానుగ తిప్పేది పుల్లెద్దు. రైతులు నువ్వులు తెచ్చి నూనె ఆడించుకునేవారు. మిగిలిన తెలకపిండి పైడయ్యకు కూలి.

పైడయ్య తండ్రి ఒకప్పుడు గొప్పకు పోయి అప్పు చేసి, రెండు గానుగల్లో ఒకటి పోగొట్టుకున్నాడు. ఆ అవమానం కొడుకు మనసులో ముల్లులా దిగిపోయింది. పైసా వస్తే దాచేవాడు. పైసా పోతుందంటే వణికేవాడు. పాపం, అతన్ని పిసినారి అనడానికి నాకు నోరు రాదు. అది భయం.

ఒకనాడు పుల్లెద్దు నోరు తెరిచి అడిగింది. ఎండుగడ్డితో ఒంట్లో సత్తువ నిలవడం లేదు, రోజూ కాస్త తెలకపిండి పెట్టమంది. ఏ గానుగ ఎద్దుకైనా అది దక్కాల్సిన తిండే. పైడయ్య మాత్రం ఆ పిండిని పాడిగేదెల వాళ్లకు అమ్మి డబ్బు దాచేశాడు.

కొన్నాళ్లకు ఎద్దు మళ్లీ అడిగింది. తనకు వయసు మీరింది, ఒక కోడెను తెస్తే పక్కన నడిపించి పని నేర్పుతానంది. నువ్వుల వ్యాపారి గంగరాజు అప్పిస్తానన్నాడు, ఏడాదిలో తన నువ్వులకు నూనె ఆడి తీర్చమన్నాడు. భార్య సూరమ్మ కూడా అదే మంచిదంది. అప్పు లేనివాడే అధిక సంపన్నుడని పైడయ్య కొట్టిపారేశాడు. పోనీ దాచిందైనా తీశాడా అంటే, అదీ లేదు.

దీపావళి దగ్గరపడింది. నూనెకు గిరాకీ పెరిగింది. ఎద్దు మూడోసారి నోరు తెరిచింది.

"అయ్యా, ఈ ఒక్కపూట విప్పెయ్యి. కాళ్లు నిలవడం లేదు."

"నాలుగు రోజులు ఓర్చుకోరా. నాలుగు రాళ్లు వెనకేస్తే కష్టకాలానికి పనికొస్తాయి."

"నా కష్టకాలం ఇదే కదయ్యా" అంది ఎద్దు.

మధ్యాహ్నానికి అది గానుగ చుట్టూ తిరుగుతూనే కూలిపోయింది. మళ్లీ లేవలేదు.

పైడయ్య గుండెలు బాదుకున్నాడు. దాచిందంతా తీసి సంతలో కోడెను కొన్నాడు. దానికి పని నేర్పేవాళ్లేరీ? కాడి పెట్టగానే బెదిరి అడ్డంగా లాగింది. గానుగ రోకలి విరిగింది, రోలు బీట తీసింది. రైతులు పండగ ముందు ఆగలేక నువ్వుల బస్తాలు పొరుగూరికి తోలుకుపోయారు.

అప్పుడు వెళ్లాడు పైడయ్య, గంగరాజు దగ్గరికి, జీవితంలో మొదటిసారి, గానుగ బాగుకు అప్పడగడానికి.

"పని సాగుతున్ననాడు ఇస్తానన్నాను పైడయ్యా. ఇప్పుడు దేన్ని చూసి ఇవ్వను?" అన్నాడు గంగరాజు. అతని గొంతులో కోపం లేదు.

ఉత్త చేతులతో ఇంటికొచ్చిన భర్తకు సూరమ్మ మంచినీళ్లిచ్చి, నెమ్మదిగా అంది: "కష్టకాలం వస్తుందని దాచావు మావా. దాచి దాచి దాన్నే ఇంటికి తెచ్చుకున్నావు."

మర్నాటి నుంచి ఇద్దరూ కూలికి పోయారు. ఆ గానుగ పాక మళ్లీ నూనె వాసన ఎరగలేదు.

పిల్లలూ, దాచుకోండి, కానీ మనల్ని పోషించేదాన్ని పస్తు పెట్టి మాత్రం దాచకండి.