కోట బావిలో నీలిరంగు

నల్లమిట్ట రాజుకు భూమిలోని నూనె మీద మోజు పుట్టింది. కోటకు దగ్గర్లోని ఊటపల్లెలో లోతైన బొరియలు తొలిపించి, తిత్తులతో వాటిలోకి నీళ్లు కొట్టించి, రాతిని చీల్చి నూనె తీయించాడు. మూడు నెలల్లో ఊరి బావి నల్లబడింది. ఆ నీళ్లు తాగి నలుగురు పసివాళ్లు పోయారు.

బావులు తవ్వే గురవమ్మ కొలువుకెళ్లి, బొరియల వల్లే బావి పాడైందని మొరపెట్టుకుంది.

ఆస్థాన పండితుడు విశాలాక్షుడు రంగుల పటం పరిచాడు. "ఏడు చోట్ల తొలిచి చూశాం. ఏడింటిలోనూ నూనె పైన నల్లరాయే తగిలింది. అంటే ఆ ఏడింటి మధ్యనంతా ఒకటే బండ. కింది నూనె చుక్క కూడా పైకి రాదు."

"ఆ మధ్యనంతా ఎవరు చూశారు బాబూ?"

"చూడక్కర్లేదే. శాస్త్రం ఉంది."

కొలువంతా నవ్వింది.

"అయితే రేపు కొట్టే నీళ్లలో రెండు బస్తాల నీలిమందు కలపనివ్వండి. బండ ఒకటే అయితే రంగు కిందే ఉంటుంది కదా."

పటం మీద నమ్మకంతో పండితుడే సరేనన్నాడు.

నాలుగో రోజు రాజు స్నానానికి వెళ్లి నీలంగా బయటికొచ్చాడు. వెంటనే గురవమ్మను పిలిపించాడు.

"నీకెలా తెలుసే?"

"మీ కోట బావి తవ్వింది మా నాన్నే, దొరా. అడుగు బండలో ఒక చీలిక ఊటపల్లె వైపు పోయిందని చెప్పేవాడు. పటం గీసేటప్పుడు మమ్మల్నెవరూ అడగలేదు."

రాజు ఆ పూటే బొరియలు పూడ్పించాడు. "నా ప్రాణం కాపాడావు. ఏం కావాలో కోరుకో."

"మా బావి నల్లబడితే మీకు శాస్త్రం కనబడింది. మీ బావి నీలమైతే చీలిక కనబడింది. ఇంకేం కోరుకోను దొరా?"

పలుగు భుజాన వేసుకుని, ఊళ్లో మంచినీళ్లు ఇంకెక్కడైనా మిగిలాయేమో వెతకడానికి గురవమ్మ వెళ్లిపోయింది.