నల్లపూస కొమ్ముల మీద ఊరేగిన రొయ్యలు

ఎండాకాలం రాగానే గోదావరి కాలవకి తలుపులు దించేస్తారు. కాలవ కట్టేశారంటే మనుషులకి పూడిక తీసుకునే కాలం. నీళ్ళలో పుట్టినవాళ్ళకి మాత్రం ప్రాణం మీదికొచ్చే కాలం.

ఆ ఏడు రేవు దగ్గర గేదెలు పొర్లే గుంట ఒక్కటే మిగిలింది. అందులో నల్లపూస అనే గేదె, దాని పొట్ట నీడలో చిట్టిరొయ్యల కుటుంబం. కొమ్ములు చూసుకుని మురిసిపోవడంలో నల్లపూసని మించిన గేదె ఆ చుట్టుపక్కల లేదు. ఆ చిట్టిరొయ్యలకి పెద్ద మంగతాయి. కడుపు కింద గుడ్లు మోస్తోంది. ఒళ్ళు చిటికెన వేలంత, నోరు మాత్రం రేవంత.

"అక్కా, ఈ గుంట కూడా ఇంకిపోతోంది. గుడ్లు పగిలి పిల్లలు బయటపడేసరికి ఇక్కడ బురదే ఉంటుంది," అంది మంగతాయి.

నల్లపూస తల ఎగరేసింది. "నేనుండగా నీకేంటే దిగులు? మనుషులు కుక్కల్ని పెంచుతారు, చిలకల్ని పెంచుతారు. నేను రొయ్యల్ని పెంచుతాను. ఏ గేదె చేసిందే ఆ పని?"

"పెంచడమంటే పొర్లడం కాదు అక్కా. ఎందులో పెంచుతావు?"

అది మాత్రం నల్లపూస ఆలోచించనేలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అన్నారా!

కరెంటు తీగ మీంచి ఈ మాటలన్నీ వింటున్న లకుముకిపిట్ట సర్రున దిగింది. నీలం కోటు, ఎర్ర ముక్కు, పెళ్ళిళ్ళ పేరయ్య వాలకం. "నల్లపూసక్కా! నీ అంతటి దానికి ఇంత చిన్న విషయానికి బెంగెందుకు? మీ ఇంటామె నూతి పక్కన రాగి గంగాళం పెట్టింది చూశావా? చింతపండేసి తోమితే అద్దంలా మెరుస్తోంది. నిండా కొత్త నీళ్ళు. నాచు లేదు, ఆకు లేదు, మురికి లేదు. అందులో వేశావంటే నీ రొయ్యలు ఊరందరికీ కనపడతాయి. నీ పేరు మారుమోగుతుంది."

పేరనగానే నల్లపూస చెవులు రెండూ నిలబడ్డాయి.

"తోడుగా ఒక జెల్లచేప పిల్లని కూడా వెయ్యక్కా. పాపం, రొయ్యలకి పొద్దుపోవద్దూ!"

"జెల్లకి మేము తోడా, కూరా?" అంది మంగతాయి. "ఏమోయ్ లకుముకీ, నీకు మా మీద ఇంత ప్రేమ ఎప్పట్నించి?"

"పైనుంచి చూస్తే ఎవరు సుఖంగా ఉన్నారో తెలుస్తుంది కదమ్మా, అందుకని..."

"పైనుంచి చూస్తే ఎవరు ఎక్కడున్నారో కూడా తెలుస్తుందిలే."

నల్లపూసకి కోపం వచ్చింది. "ఏమే, రాగి గంగాళం నీకు ఆనలేదా? రాజుల ఇంట్లో ఉండే సామానే అది!"

"రాజుని చేసుకోమన్నా ఇల్లు చూడకుండా కాపురానికి వెళ్ళను. ఒక్క పుక్కెడు నీళ్ళు పట్రా."

నల్లపూస విసవిసా ఇంటికెళ్ళి, పుక్కిట పట్టిన నీళ్ళు తెచ్చి గుంట ఒడ్డున తామరాకులో ఒలికించింది. మంగతాయి ఒక్క మీసం ముంచింది. మరుక్షణం గిరుక్కున వెనక్కి ఎగిరి పడింది. మీసం కొస వంకరపోయింది.

"అక్కా, ఈ రాగి నీకేమీ చెయ్యదు, నువ్వు తాగి తేనుస్తావు. మాకు మాత్రం ఒక్క పూట చాలు, తెల్లగా తేలిపోతాం. నా గుడ్లతో సహా."

నల్లపూస తల దించుకుంది. ఆ కొమ్ములు నేల చూడటం అదే మొదలు.

"సరే, నీకేం కావాలో నువ్వే చెప్పు."

"అదీ మాట! మీ పాక వెనక ఉందని చెప్తుంటావే, ఆ పాత సిమెంటు గోలెం లేదూ?"

"ఛీ, అదా? పచ్చగా పాకుడు పట్టి, అడుగున బాదం ఆకులు కుళ్ళి..."

"నీకది పాకుడు. మాకది కంచంలో అన్నం. ఆ నాచులో నా పిల్లలు దాక్కుంటాయి. ఆ ఆకులు ఊరిన నీళ్ళు మా ఒంటికి మందు. పైన పాక నీడ. ఆ నీళ్ళు ఎన్నాళ్ళుగానో ఉండి నెమ్మదించాయి. తగ్గినప్పుడు కాసిని పొయ్యి చాలు, మొత్తం పారబోసి కొత్తవి నింపకు. మేత కూడా ఎక్కువ పడెయ్యకు. మిగిలింది కుళ్ళితే మేమే పోతాం. చేపని దగ్గరికి రానివ్వకు."

"ఇంతేనా?"

"ఇంతే. ముందు నలుగురం వస్తాం. మేం బతికితే మిగతావాళ్ళు వస్తారు."

గట్టు మీద లకుముకి ముక్కు రాసుకుంటూ, "నాచులో పడేస్తే ఎవరికి కనపడతారమ్మా?" అంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. నల్లపూసకి అప్పుడు వెలిగింది. కళ్ళు ఎర్రబడ్డాయి గానీ గొంతు మాత్రం వెన్నలా పెట్టింది. "నువ్వన్నదే నిజం తమ్ముడూ. దీనికి తెలివి లేదు. పొద్దున్నకల్లా గంగాళంలోకి దించేస్తాను, వచ్చి చూసిపో."

చీకటి పడ్డాక తడి నాచు కొమ్ములకి చుట్టుకుని, అందులో నాలుగు రొయ్యల్ని ఎక్కించుకుని నల్లపూస పాక వెనక్కి వెళ్ళి గోలెంలో దింపింది. తర్వాత నూతి దగ్గరికి పోయి గంగాళంలో నీళ్ళు కడుపారా తాగింది. అడుగున నాలుగు వేళ్ళ లోతు మిగిల్చింది. తోమి పారేసిన చింతపండు పిప్పిలోంచి ఈనెలు ఏరి అందులో వేసింది. అచ్చం మీసాల్లాగే ఉన్నాయవి!

తెల్లారింది. లకుముకి తీగ మీంచి చూసింది. తళతళలాడే రాగి, అడుగున గోధుమరంగు మీసాలు. ఆశపడ్డ కళ్ళకి లోతు తెలుస్తుందా? రెక్కలు ముడిచి బాణంలా దూకింది.

టంగుమంది గంగాళం.

ముక్కు వంకరపోయి, నీలం కోటు తడిసి, ఒక చింతపండు ఈనె కరుచుకుని బయటికొచ్చింది పెళ్ళిళ్ళ పేరయ్య.

"పులుపు సరిపోయిందా తమ్ముడూ?" అంది నల్లపూస నెమరేస్తూ. గోలెంలో మంగతాయి నవ్వుకి నాచంతా ఊగింది.

నాలుగూ బతికాయి. మిగతా రొయ్యలూ కొమ్ములెక్కి వచ్చేశాయి. గుంట ఇంకిపోయే నాటికి మంగతాయి గుడ్లు పగిలి, కళ్ళూ మీసాలూ తప్ప ఒళ్ళు కనపడని పిల్లలు ఆ పాకుడు మీద మేస్తున్నాయి.

కాలవకి నీళ్ళొదిలిన రోజున నల్లపూస కొమ్ములకి పచ్చనాచు చుట్టుకుని, దాని నిండా రొయ్యపిల్లల్ని పెట్టుకుని, ఊరి మధ్యలోంచి రేవుకి నడిచింది. ఏ రాణికుందండీ అలాంటి కిరీటం! గేదెలన్నీ దారిచ్చాయి. తీగ మీద వంకర ముక్కు ఒకటి మొహం తిప్పుకుంది.

మంగతాయి మాత్రం ఆ కొమ్ములెక్కలేదు. "నేను గోలెంలోనే ఉంటానక్కా. ఏరి కోరి ఎంచుకున్న ఇల్లు అది."

సాకేవాళ్ళ కంటికి మెరిసేది కాదు, బతికేవాళ్ళ ఒంటికి పడేదే ఇల్లు.