గోడ లోపలి సమాధి

ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళవలసిన శనివారం ఉదయం జసింత తన గురువు సిస్టర్ ఇన్నాసమ్మగారిని అడిగింది: "కోపం పాపమేనా, అమ్మగారూ?"

ఇన్నాసమ్మగారు ఆ మఠంలో కొత్తగా చేరిన కన్యలకు శిక్షణ ఇచ్చే పెద్దావిడ. ఎవరి మీద కోపమని అడిగారు. జసింత దాచలేదు. తనతో పాటు చేరిన స్టెల్లాది ఏ పేటో తెలిశాక, మఠానికి పెద్ద అయిన మదర్‌గారు ఆ పిల్లను బడి పని మాన్పించి మరుగుదొడ్లు కడగడానికి పంపారట. మూడు వారాలైంది.

"ప్రార్థనలో కూర్చున్నా పళ్ళు బిగుసుకుపోతున్నాయి. మన మఠాన్ని స్థాపించిన లూర్దమ్మగారిని పునీతురాలంటున్నారు. ఆవిడకు కోపమే రాదని పుస్తకంలో రాశారు. నేను దీనికి పనికిరానేమో."

"ఆ పుస్తకం రాసినవాళ్ళు ఆవిడను చూడలేదు. నేను చూశాను," అన్నారు ఇన్నాసమ్మగారు. ఆమె చెప్పిన సంగతి ఇది.

ఒక ఎండాకాలం మశూచి వచ్చి ఊరంతా తలుపులు మూసుకుంది. రోగుల ఇళ్ళకు వెళ్ళి సేవ చేసిన సిస్టర్ రత్నమ్మ అదే జబ్బుతో పోయింది. మాదిగవాడ నుంచి ఆ మఠంలో చేరిన మొదటి మనిషి ఆమె. శవాన్ని సమాధుల దొడ్డికి తెచ్చేసరికి గుడి పెద్దలు నలుగురు గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నారు. దొడ్డి మధ్యలో ఒక గోడ. గోడకు ఈవల ఆ పెద్దల కులంవాళ్ళ సమాధులు, ఆవల వాడవాళ్ళవి. ఆ నలుగురిలో ముఖ్యుడు బాలశౌరయ్య. ఆయన భార్యకు మశూచి సోకితే పదకొండు రోజులు పక్కన కూర్చుని బతికించింది రత్నమ్మే.

"సేవ సేవే, అమ్మగారూ. ఆచారం ఆచారమే. ఆవలకు తీసుకెళ్ళండి," అన్నాడాయన, శవం వెంట వచ్చిన లూర్దమ్మగారితో.

"నీ భార్య నోట్లో గంజి పోసినప్పుడు ఈమె చెయ్యి ఏ వాడదని అడిగావా?"

లూర్దమ్మగారు అరిచిన ఆ అరుపుకు గుడిలో ఉన్న ఫాదర్ పరుగెత్తుకొచ్చారు. ఆయన కూడా ఓర్చుకోమనే అన్నారు. ఆవిడ బాలశౌరయ్యను భుజంతో నెట్టుకుని లోపలికి వెళ్ళి, గునపం పట్టి, గోడకు ఈవలే తవ్వడం మొదలుపెట్టారు. నేల రాయిలా ఉంది. మట్టి ఎత్తిపోసిన సిస్టర్లలో ఇన్నాసమ్మగారు ఒకరు. అరచేతులు బొబ్బలెక్కి చిట్లినా లూర్దమ్మగారు గునపం ఇంకొకరికి ఇవ్వలేదు. ఆ పూటే రత్నమ్మను అక్కడ పూడ్చారు.

నెల తిరక్కుండా బిషప్పుగారి ఉత్తరం వచ్చింది. పెద్దలకు క్షమాపణ చెప్పాలి, లేదా మదర్ పదవి దిగాలి. ఆవిడ పదవి దిగారు. తను కట్టిన మఠంలోనే తొమ్మిదేళ్ళు అందరి బట్టలూ ఉతికారు. ఒక్కరోజు కూడా సణగలేదు. పుస్తకంలోకి ఎక్కింది ఆ తొమ్మిదేళ్ళే.

ఆవిడ చివరి ఘడియలో వచ్చిన ఫాదర్, "అందరినీ క్షమించారా, అమ్మా?" అని అడిగారు.

"నన్ను దించినవాళ్ళను ఉత్తరం వచ్చిన రోజే క్షమించాను," అన్నారు లూర్దమ్మగారు. "రత్నమ్మకు చేసినదాన్ని క్షమించడానికి నేనెవరిని?"

జసింత మెల్లగా అడిగింది: "అయితే నా కోపం సంగతి ఫాదర్‌తో చెప్పాలా, వద్దా?"

"ఫాదర్‌తో తర్వాత చెబుదువులే," అన్నారు ఇన్నాసమ్మగారు. "మదర్ గది తలుపు తీసే ఉంది."