నాంచారమ్మ కట్టు

నేనింతవరకూ ఏ కథా రాసి ఎరగను. చదివింది అయిదో తరగతే. మా పిల్లలకు చెప్పే కథనే, చెప్పినట్టుగా రాస్తున్నాను.

వెనకటి రోజుల్లో, కొండవాగు ఒడ్డున సింగనకోట అని ఒక రాజ్యం ఉండేదట. అక్కడ విరిగిన ఎముకలకు కట్టు కట్టే వైద్యురాలు నాంచారమ్మ.

ఒకనాడు రాజకూతురు మల్లాంబిక గుర్రం మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. నాంచారమ్మ ఎముక సరిచేసి, వెదురు దబ్బలు పెట్టి బిగించి కట్టింది. సాయంత్రానికి పిల్ల వేళ్ళు చల్లబడి నీలం తిరిగాయి. వెంటనే కట్టు వదులు చేసింది. వేళ్ళకు రక్తం తిరిగి వచ్చింది. కొన్ని వారాలకు కట్టు విప్పి చూస్తే, ఎముక మాత్రం కాస్త వంకరగా అతుక్కుంది.

రాజుకు కోపం వచ్చింది. ముగ్గురు వైద్యులను పిలిపించి కూతురి చెయ్యి చూపించాడు. ముగ్గురూ పెదవి విరిచారు. కట్టు వదులు చెయ్యడమే తప్పన్నాడొకడు. మేమైతే అలా చేసేవాళ్ళమా అన్నారు మిగతా ఇద్దరూ. ఇకమీదట నాంచారమ్మ ఎవరికీ కట్టు కట్టకూడదని రాజు ఆజ్ఞ వెయ్యబోయాడు.

నాంచారమ్మ తల దించలేదు.

"ప్రభూ, వీళ్ళు ముందు వంకర చూశారు, తరవాత నా పని ఎంచారు. వంకర చూడనివాళ్ళను అడగండి. ఆవేళ నాకు కనపడిందే వాళ్ళకూ చెప్పండి. వాళ్ళు కూడా తప్పంటే, ఈ దబ్బలు నేనే పొయ్యిలో పెడతాను."

రాజు సరేనన్నాడు. వచ్చేవాళ్ళకు వంకర కనపడకుండా మల్లాంబిక చెయ్యి ఓణీ చాటున దాచుకుంది. పొరుగూళ్ళ నుంచి మరో ముగ్గురు వైద్యులు వచ్చారు. కట్టు కట్టాక వేళ్ళు నీలం తిరిగితే ఏం చేస్తారని మంత్రి విడివిడిగా అడిగాడు.

వదులు చేస్తానన్నాడు మొదటివాడు. ఇదీ అడగాలా అని నవ్వాడు రెండోవాడు. మూడో ఆమె ముసలిది. మంత్రిని ఎగాదిగా చూసింది.

"వదులు చెయ్యకపోతే చెయ్యి కుళ్ళిపోద్ది నాయనా. వంకర చేత్తో అన్నం తినొచ్చు. లేని చేత్తో ఎట్టా తింటావు?"

సభంతా నవ్వింది. రాజు నవ్వలేదు. ఎవరైనా మహావైద్యుడైతే ఆ వంకర కూడా రానిచ్చేవాడు కాదేమో అని గొణిగాడు.

"కావచ్చు ప్రభూ," అన్నాడు మంత్రి. "కానీ మహావైద్యుడితో కొలిస్తే ఎవరు నిలుస్తారు? పని తెలిసి, జాగ్రత్తగా చేసే సాటి వైద్యులు ఆవేళ ఏం చేసేవారో, దానితో కొలవాలి."

రాజు కూతురి వేళ్ళు చేతిలోకి తీసుకున్నాడు. వెచ్చగా ఉన్నాయి.

"నీ పని నువ్వు చేసుకో తల్లీ," అన్నాడు నాంచారమ్మతో.

మర్నాడు పొద్దున్నే నాంచారమ్మ దబ్బలు ఎండలో పరిచి, ఎప్పటిలాగే అరుగు మీద కూర్చుంది. ఆ రోజు మొదటి కట్టుకు గుడ్డ అందించింది మల్లాంబికే, ఆ వంకర చేత్తో.

పిల్లలూ, వైద్యం చేసినవారిది తప్పో ఒప్పో ఫలితం చూసి తేల్చకూడదు. సాటివాళ్ళు తీసుకునేపాటి జాగ్రత్త తీసుకున్నారా లేదా అని చూసి తేల్చాలి.