రాజుగారి చేతి ముద్ద

ఒకానొక రాజ్యంలో, శ్రావణ బహుళ తదియ, ఆదివారం నాడు, రాచవంటశాలలో ఇరవై ఏళ్లుగా గరిటె తిప్పుతున్న పేరక్కకు నిండు సభలో అన్యాయం జరిగింది. రాజుగారి పప్పులో విషం కలిపిందని నేరం మోపారు.

ఆ రాజు కోదండ భూపతికి ఒక అలవాటుంది. ప్రతి శనివారం బంతిభోజనంలో మొదటి పప్పన్నం తన చేత్తోనే కలుపుతాడు. ముద్దలు చేసి, తనకు నచ్చిన ఉద్యోగుల అరచేతుల్లో పెడతాడు. రాజుగారి చేతి ముద్ద దొరికినవాడి మీసం ఇక కిందికి దిగదు. కాకపోతే మర్నాడు తెల్లారేసరికి చెంబు పట్టుకుని దొడ్డివైపు పరుగు. రాజుదీ అదే పరుగు. ఈసారి మరీ ముదిరి, సేనాపతిని సభకు డోలీలో మోసుకొచ్చారు.

"పప్పులో ఏం కలిపావే?" అని గద్దించాడు ఆస్థాన వైద్యుడు నాగలింగ శాస్త్రులు.

"ఉప్పు, పసుపు, ఇంగువ, చింతపండు. అదే పప్పు వంటశాలలో నలభై మందిమి తిన్నాం, శాస్త్రులు గారూ. ఒక్కరమూ చెంబు పట్టలేదు. ముద్ద తిన్నవాళ్లే పట్టారు."

"మీవి మోటు కడుపులు. విషమైనా అరిగిపోతుంది."

పేరక్కకు ఒళ్లు మండింది. "అయితే ముద్ద సంగతే అడుగుతాను. ప్రభువులు అన్నం కలిపే ముందు చేతులు కడుక్కున్నారా?"

రాజు సింహాసనం మీదనుంచి సగం లేచాడు.

"చేతులు కడుక్కోమని పసిపిల్లలకు చెబుతారు! మూడు కోటలు పట్టినవాణ్ణి, నాకు చెబుతావా? పొద్దున్నే పన్నీటి స్నానం చేశాను. విస్తరి చుట్టూ నీళ్లు తిప్పాను. తిన్నాక కడుక్కుంటాను, జిడ్డు కాబట్టి. తినకముందు చేతికి ఏముంటుంది?"

"చేతి మురికితో కడుపునొప్పి వస్తుందని నేను చదివిన ఏ గ్రంథంలోనూ లేదు" అన్నాడు శాస్త్రులు, ఉత్తరీయం సర్దుకుంటూ.

"అయితే తమరు చదవనివి ఇంకా ఉన్నాయన్నమాట" అంది పేరక్క.

ఎవరో కిసుక్కుమన్నారు. రాజు ముఖం కందిపోయింది. పేరక్కకు గుండు గీయించి, గాడిదనెక్కించి, ఏరు దాటించమని నోట్లోంచి సగం మాట వచ్చేసింది కూడా. యాభై దాటిన ఆడది, గరిటె తప్ప మరో పని ఎరగనిది, ఏరు దాటి ఎవరి గుమ్మం ఎక్కుతుంది? ఆ సంగతి పేరక్కకూ తెలుసు. అయినా నోరు ఆగలేదు.

"ఒక్క వారం గడువివ్వండి, మహాప్రభూ. శనివారం నాకు తెలిసిన పప్పు ఒకటి వండుతాను. శుభ్రమైన చెయ్యి పడితే అది పచ్చగానే ఉంటుంది. దోషమున్న చెయ్యి పడితే ఎర్రబడుతుంది. ముందు నా చెయ్యే పెడతాను. ఎర్రబడితే గుండు నాకు."

శాస్త్రులుకు అంతకంటే కావలసిందేముంది! తాటాకు తెప్పించి అక్కడికక్కడే రాశాడు: 'ఎవరి చేత పప్పు ఎర్రబడునో వారే దోషి. వారికి గుండు, గాడిద, ఏటి ఆవలి గట్టు.' రాజు చదవకుండానే ముద్ర గుద్దాడు.

వంటశాల కిటికీలోంచి చూస్తే రాజుగారి కోళ్లసాల కనిపిస్తుంది. ఇరవై ఏళ్లుగా పేరక్క చూస్తూనే ఉంది. రాజుకు ఒక తెల్ల పందెంపుంజు ఉంది. ప్రాణం దాని మీదే. శనివారం బంతిభోజనానికి వచ్చే ముందు దాన్ని ఒళ్లోకి తీసుకుంటాడు, రెక్కలు దువ్వుతాడు, కాళ్లు పిసుకుతాడు, గోళ్లు లెక్కపెడతాడు. తర్వాత చేతులు పంచెకు తుడుచుకుని తిన్నగా విస్తరి ముందుకు వస్తాడు.

శనివారం పొద్దున పేరక్క గుప్పెడు సజ్జలు పట్టుకుని కోళ్లసాలకు వెళ్లింది. పుంజు సజ్జలు తింటుండగా, కొంగు చాటునుంచి మెత్తటి పొడిసున్నం తీసి దాని రెక్కలకూ కాళ్లకూ పల్చగా రాసింది. తెల్లపుంజు మీద తెల్లపొడి, ఎవరికి కనిపిస్తుంది? తర్వాత వెళ్లి పప్పు ఎసట్లో పోసింది. పసుపు దండిగా వేసింది. చింతపండు మాత్రం తాకనివ్వలేదు. పులుపు తగిలితే సున్నం ఆట సాగదని వంటమనిషికి వేరే చెప్పాలా?

బంతి తీరి కూర్చుంది. పేరక్క అందరి ఎదుటా కుంకుడు నురుగుతో మోచేతుల దాకా కడుక్కుంది. పప్పన్నం కలిపింది. బంగారంలా పచ్చగా ఉంది. శాస్త్రులు వంగి చూశాడు, వాసన చూశాడు, పెదవి విరిచాడు.

"ఇక ప్రభువులు కలపండి" అంది పేరక్క.

కోదండ భూపతి దర్జాగా చెయ్యి చాపాడు. ఒకసారి పిసికాడు, రెండుసార్లు పిసికాడు. వేళ్ల సందుల్లో పప్పు పారాణిలా ఎర్రబడింది. మూడోసారికి చెయ్యంతా కోడిని కోసిన చెయ్యిలా ఉంది.

"శాస్త్రులు గారూ, ఆ తాటాకు కాస్త పైకి చదవండి" అంది పేరక్క. "మంగలి గుమ్మంలోనే ఉన్నాడు. గాడిద కూడా పొద్దుటినుంచి కాచుకుని ఉంది."

శాస్త్రులు తాటాకును ఉత్తరీయంలోకి దోపుకున్నాడు. రాజు ఎడమచెయ్యి తనకు తెలియకుండానే జుట్టు మీదికి పోయింది.

"ఏం మంత్రమే ఇది?"

"మంత్రం కాదు ప్రభూ, సున్నం. మీ పుంజు కాళ్లకు పొద్దున నేనే రాశాను. పసుపుకు తగిలితే ఎర్రబడుతుంది. పంచెకు తుడుచుకున్నారు కదా, పోయిందా? మరి ఆ పుంజు కాళ్లు రోజంతా ఏం తొక్కుతాయో నిండు బంతిలో నా చేత చెప్పించకండి. సున్నం వచ్చిన దారినే అదీ వచ్చింది, ప్రతి శనివారం. ఎర్రబడలేదు కాబట్టి మీకు కనిపించలేదు. మూడు కోటలు పట్టినంత మాత్రాన చేతులు వాటంతటవే కడుక్కుంటాయా?"

ముద్ద కోసం చాపి ఉన్న చేతులన్నీ ఒక్కసారిగా వెనక్కి పోయాయి. సేనాపతి కడుపు పట్టుకుని, "అమ్మో, ఆరేళ్లుగా తింటున్నానే!" అన్నాడు.

రాజు ఆ అరుపు విన్నాడు, తన ఎర్రటి చేతిని చూసుకున్నాడు, శాస్త్రులు ముఖం చూశాడు. ముందు మీసం కదిలింది. తర్వాత పొట్ట కదిలింది. ఆ తర్వాత భోజనశాల అదిరేలా నవ్వాడు.

"గెలిచావు పేరక్కా! నా జుట్టు నాకు వదిలెయ్యి. నీ మీద మోపిన నేరం అబద్ధమని ఇదే బంతిలో చెబుతున్నాను. ఈ రోజునుంచి భోజనశాల నీది. నువ్వు సరే అంటేనే ఎవరికైనా విస్తరి, నాతో సహా. ఇదుగో, నీ బహుమానం!" అంటూ ముంజేతి బంగారు కంకణం ఊడదీసి అందించాడు. దానికీ పప్పు అంటుకుని ఎర్రగా ఉంది.

పేరక్క చెయ్యి చాపలేదు.

"కడిగి ఇవ్వండి, ప్రభూ" అంది.

రాజు నవ్వుతూనే గోలెం దగ్గరికి నడిచాడు. కుంకుడు నురుగుతో ముందు వేళ్లు, తర్వాత గోళ్లు, తర్వాత కంకణం కడిగాడు. పేరక్క చాలనేదాకా కడిగాడు. రాజుగారు అన్నానికి ముందు చేతులు కడుక్కున్న మొదటి రోజు అదేనని ఆస్థాన లేఖకుడు రాసిపెట్టాడు: శ్రావణ బహుళ నవమి, శనివారం.